హెచ్ అంటే తప్పా?

మా వెలిగండ్ల వైపు పిల్లలం మార్కాపురం పలకల మీద ఏబీసీడీలు దిద్దినప్పుడు ‘హెచ్’ అనే నేర్చుకున్నాం. మొన్న పట్నంలో ఒక తల్లి కొడుక్కి అలాగే చెప్పబోతే, “హెచ్ కాదు, ఏచ్ అనాలి. నీకు రాదులే అమ్మా!” అన్నాడట. ఆవిడ పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఏచ్ తప్పని నేననను. నిఘంటువుల్లో ముందుండే పేరు అదే. కాని దాని కథ వినండి. మన ‘హ’కు పేరూ ధ్వనీ ఒకటే కదా! పూర్వం లాటిన్‌వాళ్లు కూడా ఈ అక్షరాన్ని ‘హా’ అనేవారు. రానురాను వాళ్ల నోట హకారం జారిపోయింది. పాత ఫ్రెంచిలో దాని పేరు ‘ఆచ్’గా మారింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఆ పేరు అక్కడికీ చేరి, కాలక్రమాన ‘ఏచ్’ అయింది. హకారం పలికించే అక్షరం పేరులోనే హకారం లేదన్నమాట!

ఐర్లండువాళ్లు మాత్రం మనలాగే హకారం చేర్చి ‘హెయిచ్’ అంటారు. ఉత్తర ఐర్లండులో ఈ ఒక్క అక్షరం పలికే తీరునుబట్టి మనిషి కాథలిక్కో, ప్రొటెస్టెంటో పోల్చుకునేవారు. అక్షరం పేరుతో మనుషుల్ని వేరు చేయడం ఎంత దూరం పోయిందో చూడండి.

మన ‘హెచ్’ కూడా నిన్నమొన్నటిది కాదు. 1932లో మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసిన దర్శకుణ్ణి హెచ్.ఎం. రెడ్డిగారనే కదా చెప్పుకుంటున్నాం!

పిల్లవాడు దిద్దితే ‘ఏచ్’ కూడా నేర్చుకోండి, అందులో సిగ్గేం లేదు. ఈ కథ వాడికీ చెప్పండి. పుస్తకం మాత్రం మూయకండి.