డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికారా? బండి అక్కడే వదిలేసి రావాలా? రూల్స్ ఇవే..

వీకెండ్ వచ్చిందంటే హైదరాబాద్ రోడ్లపై బ్రీత్ అనలైజర్లు రెడీ. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసే. ఊదనని మొండికేస్తే ఇంకా ఇరుక్కుంటారు. అనుమానం ఉంటే వారెంట్ లేకుండానే అరెస్ట్ చేసే అధికారం పోలీసులకు ఉంది. ఊదాక రీడింగ్ స్లిప్ అడిగి తీసుకోండి.

ఇక్కడ చాలామంది చేసే మొదటి పని.. తెలిసిన లీడర్‌కి ఫోన్ కొట్టడం! ఆ ఫోనేదో మందు తాగని, లైసెన్స్ ఉన్న ఫ్రెండ్‌కో ఇంట్లోవాళ్లకో చేయండి. అలాంటి వాళ్లు పక్క సీట్లోనే ఉంటే మరీ మంచిది. బండి నడపడానికి వాళ్లు ఉంటే, తాగి నడిపారన్న కారణంతో దాన్ని ఆపి ఉంచకూడదని తెలంగాణ హైకోర్టు 2021లోనే చెప్పింది. ఎవరూ రాకపోతే బండి స్టేషన్‌కే. తర్వాత ఆర్సీ, లైసెన్స్, గుర్తింపు కార్డు చూపించి తెచ్చుకోవాలి.

చలానాలా ఆన్‌లైన్‌లో కట్టేసి చేతులు దులుపుకుందాం అంటే కుదరదు, ఇది కోర్టు కేసు. మొదటిసారి అయితే 10 వేల వరకు ఫైన్, లేదా 6 నెలల వరకు జైలు, ఒక్కోసారి రెండూ. మళ్లీ దొరికితే 15 వేలు, 2 ఏళ్ల దాకా వెళ్తుంది. లైసెన్స్ కూడా సస్పెండ్ కావచ్చు.

దీనికి ముందు గోషామహల్ లేదా బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్ ఉంటుంది. ఇంట్లోవాళ్లనీ వెంట తీసుకురమ్మంటారు. నాన్ననో భార్యనో పక్కన కూర్చోబెట్టుకుని ఆ క్లాస్ వినడం.. ఫైన్ కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది. 'కేసు లేకుండా చేస్తా' అనే బ్రోకర్ల మాట నమ్మి కోర్టు డేట్ ఎగ్గొడితే వారెంట్ ఇంటికే రావొచ్చు.