బజారు సరుకులతో వయోజనులకు ఇంగ్లీషు బోధన

అంగట్లో కొనే సరుకులను, వాటి ధరలను, బిల్లులను పాఠాలుగా మలచి పెద్దలకు ఇంగ్లీషు నేర్పే పద్ధతి. పనుల ద్వారా భాష నేర్పే విధానంలో ఇదొక పాయ. ఆ విధానానికి ప్రపంచమంతటా గుర్తింపు తెచ్చిన ప్రయోగాన్ని ఎన్.ఎస్. ప్రభు 1979–84 మధ్య బెంగళూరు కేంద్రంగా, బడిపిల్లలతో నడిపారు.

వైఎస్సార్ కడప జిల్లా మైదుకూరు వంటి ఊళ్లకు ఇది బాగా పనికొస్తుంది. కడప–కర్నూలు, ప్రొద్దుటూరు–బద్వేలు రోడ్లు కలిసే ఈ కూడలికి చుట్టుపక్కల పల్లెలవాళ్లు సరుకులకు వస్తారు. 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద ధర, బరువు, తయారీ వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు. తెలుగు తప్పనిసరి కాదు. అంటే తెలుగు చక్కగా చదవగలిగినవారు కూడా టీపొడి గడువు తేదీ దగ్గర ఆగిపోతారు. ఇది చిన్న అన్యాయం కాదు.

కాబట్టి తొలి పాఠం మాటతో కాక చదువుతో మొదలవ్వాలి. ఎమ్మార్పీ, ఎక్స్‌పైరీ, డిస్కౌంట్, సైజు, బిల్లు వంటివి నాలుకకు ముందే తెలుసు, కంటికి అక్షరాలు చూపితే సరిపోతుంది. ఖాళీ ప్యాకెట్లు, పాత బిల్లులే పాఠ్యపుస్తకం. ఆ తర్వాతే ఒకరు కొనేవారుగా, ఒకరు అమ్మేవారుగా సంభాషణ.

మైదుకూరు అంగట్లో బేరం తెలుగులోనే సాగుతుంది. మాట్లాడే ఇంగ్లీషు అవసరం ఎక్కువగా కువైట్‌కో బెంగళూరుకో పనికి వెళ్లేవారిది. వారికి సంభాషణ పాఠాలు ప్రయాణానికి ముందే అందాలి.