పూట మొత్తం తినేయని గోల్ఫ్

మన దగ్గర గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ల ఆట. చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర కాపలా. నేను స్థిరపడిన స్కాట్లండ్‌లో ఈ ఆట పెరిగింది మాత్రం గోడల్లేని చోట. సముద్రపు ఒడ్డున, సాగుకు పనికిరాని ఇసుక గడ్డినేలను ఇక్కడ లింక్స్ అంటారు. గొర్రెలు మేసిందీ, జనం బంతి కొట్టిందీ ఆ నేల మీదే. విలువిద్య మానేసి జనం గోల్ఫ్‌కూ ఫుట్‌బాల్‌కూ ఎగబడుతున్నారని 1457లో ఇక్కడి పార్లమెంటు ఆ రెండింటినీ నిషేధించింది. సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సు ఇప్పటికీ ప్రజలదే. ఆదివారాలు అక్కడ ఆట ఆపేస్తారు, ఊరివాళ్లు పిల్లలతో, కుక్కలతో షికారు చేస్తారు.

ఇలాంటి ఆటకు కొత్తవాళ్లు రావాలంటే, డబ్బు కన్నా సమయమే పెద్ద అడ్డంకి అని నా నమ్మకం. 18 హోల్స్ ముగించడానికి నాలుగు గంటలు, రద్దీగా ఉంటే ఐదు. పసిబిడ్డ తల్లి, షిఫ్టుల్లో పనిచేసే నర్సు, దుకాణం నడిపే మనిషి ఎప్పుడు ఆడాలి?

ఆటను కుదిస్తే సంప్రదాయం చెడుతుందనేవాళ్లు పాత లెక్కలు చూడాలి. 1744లో 13 నియమాలు రాసుకుని పోటీ పెట్టిన లీత్‌లో ఉన్నవి ఐదే హోల్స్. 1860లో మొదటి ఓపెన్ పోటీ జరిగిన ప్రెస్ట్‌విక్‌లో 12. ఎనిమిది మంది ఆటగాళ్లు మూడు చుట్లూ ఒక్క రోజులోనే ముగించారు. మాంట్రోజ్‌లో ఒకప్పుడు 25 ఉండేవి. సెయింట్ ఆండ్రూస్‌లో ఒక చుట్టు 22. అక్కడ మొదటి నాలుగూ మరీ పొట్టిగా ఉన్నాయని 1764లో వాటిని రెండు చేశారు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వాటినే ఆడేవారు కనుక మొత్తం 18కి దిగింది. ఆ ఊరి క్లబ్బుకు పలుకుబడి పెరిగాక లోకమంతా ఆ లెక్కే పట్టుకుంది.

పాత ఆటలో ఏ హోల్‌కు ఆ హోల్ గెలుపోటములు తేల్చుకునేవారు. ఇక గెలవలేమనుకుంటే బంతి తీసి జేబులో వేసుకుని ముందుకు నడిచేవారు. ప్రతి దెబ్బా లెక్కపెట్టడం, టీవీలో నిపుణులను చూసి బంతి ముందు నిలబడి తర్జనభర్జన పడటం ఆటను నెమ్మదింపజేస్తూ తర్వాతి కాలంలో వచ్చినవి. 2019 నియమాలు ఈ జాప్యాన్ని కొంత సరిచేశాయి: పోయిన బంతిని వెతికే గడువు ఐదు నిమిషాల నుంచి మూడుకు తగ్గింది, హోల్‌లో జెండా కర్ర తీయకుండానే బంతి దొర్లించవచ్చు, దెబ్బకు 40 సెకన్లు చాలన్నారు. హోల్‌కు దూరంగా ఉన్నవాళ్ల కోసం ఆగకుండా, సిద్ధంగా ఉన్నవాళ్లే ముందు కొట్టమన్నారు.

అయితే తప్పంతా ఆటగాళ్లదే కాదు. ఎక్కువ మందిని ఎక్కించాలని నిర్వాహకులు జట్టు వెనక జట్టును తక్కువ ఎడంతో వదిలితే, ఆలస్యమయ్యే మొదటి హోల్ దగ్గరే అందరూ ఆగిపోతారు. ఆ తర్వాత ఎంత చురుకైనవాళ్లయినా చేసేదేమీ లేదు. ఎడం పెంచితే ఆ రోజు వసూలు తగ్గుతుంది, నిజమే. విసిగిపోయి మళ్లీ రాని మనిషి వల్ల పోయేది అంతకన్నా ఎక్కువ.

సెయింట్ ఆండ్రూస్‌లోనే పిల్లలకూ కొత్తవాళ్లకూ బాల్గోవ్ అనే తొమ్మిది హోల్స్ కోర్సు ఉంది. జూన్‌లో ఇక్కడ రాత్రి పది దాకా వెలుతురే. పని ముగించుకుని వచ్చి తొమ్మిది హోల్స్ ఆడి భోజనం వేళకు ఇల్లు చేరవచ్చు. కోర్సులన్నీ ఆ సాయంత్రాలను తొమ్మిది ఆడేవాళ్లకే, సగం రుసుముకు కేటాయించాలి.