ఓడకు పేరుంది, మనిషికి లేదు

చరిత్ర గురించి నేను వ్యాసం రాయడమేమిటని నన్నెరిగినవాళ్ళు ముక్కున వేలేసుకోవచ్చు. కాకినాడలో ఇంజనీరింగు చదివి, పాతికేళ్ళుగా డేటాబేసులతో పొట్టపోసుకుంటున్నవాణ్ణి. పదో తరగతి సోషల్ పరీక్ష రాసి బయటికొచ్చిన రోజునే చరిత్రకి ఒక దణ్ణం పెట్టి వదిలేశాను. తీరా మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో వరల్డ్ హిస్టరీ తీసుకున్నాక, ఈ వయసులో ఆ సబ్జెక్టు మళ్ళీ నా మెడకు చుట్టుకుంది.

వాళ్ళ టీచరు అట్లాంటిక్ బానిస వ్యాపారం మీద ఆరు పేజీల పేపరు రాయమన్నారు. షరతు ఒకటే. పాఠ్యపుస్తకం, ఎన్‌సైక్లోపీడియా కాకుండా కనీసం రెండు మూలపత్రాలు తనంతట తాను చదివి రాయాలి. మేము చదువుకునే రోజుల్లో మూలమంటే పాఠ్యపుస్తకం, వ్యాఖ్యానమంటే గైడు. మూడోదేదైనా ఉంటుందని ఎవరూ చెప్పలేదు, చెప్పినా అది ఏ లండన్ మ్యూజియంలోనో తాళంవేసి ఉండేది. ఇప్పుడు ఆ తాళాలు చాలావరకు తీసేశారు. పిల్లలు మాత్రం గుమ్మం దాకా వచ్చి, ఎవరో రాసిపెట్టిన నాలుగు ముక్కల సారాంశం చదువుకుని వెనక్కి పోతున్నారు. అడగ్గానే జవాబు చెప్పేసే యంత్రాలు వచ్చాక గుమ్మం దాకా కూడా రావడంలేదు. మా అమ్మాయి ఏమీ మినహాయింపు కాదు. ఆ టీచరు షరతే దాన్ని లోపలికి తోసింది, దాని వెనకాలే నన్నూ.

మొదటి పత్రం సులభంగానే దొరికింది. 1971లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనని కంప్యూటర్లోకి టైపు చెయ్యడంతో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఇవాళ వేల పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. అందులో ఓలాదా ఎక్వియానో ఆత్మకథ ఉంది. ఇది 1789లో లండన్‌లో అచ్చయింది. రచయిత బతికుండగానే తొమ్మిది ముద్రణలు పొందింది. ఇప్పటి నైజీరియా ప్రాంతంలో ఈబో కుటుంబంలో పుట్టానని, పదకొండేళ్ళప్పుడు తననీ తన చెల్లెల్నీ ఎత్తుకుపోయి అమ్మేశారని అతను రాసుకున్నాడు. మైకేల్ పాస్కల్ అనే నౌకాదళ అధికారి అతన్ని కొని, గస్టావస్ వాసా అని స్వీడన్ రాజు పేరు తగిలించాడు. 1766లో తన స్వేచ్ఛని తానే డబ్బిచ్చి కొనుక్కున్నాడు. సముద్రాలన్నీ తిరిగాడు. బానిస వ్యాపారాన్ని ఆపాలని ఇంగ్లండంతా తిరిగి మాట్లాడాడు. ఆ వ్యాపారాన్ని నిషేధించిన 1807 నాటి చట్టాన్ని చూడకుండానే, 1797లో పోయాడు.

మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని మా అమ్మాయి కొన్ని పేజీలు పైకి చదివింది. ఓడని మొదటిసారి చూసిన పిల్లవాడు, ఈ తెల్లవాళ్ళు తనని వండుకు తింటారేమోనని వణికిపోయే ఘట్టం. కింది అరలో ఊపిరాడని వాసన. మా ఆవిడ పోపు వేస్తున్నదల్లా స్టవ్ కట్టేసి విన్నది.

రెండో పత్రం నా రాజ్యం. స్లేవ్ వాయేజెస్ అని ఒక డేటాబేసు ఉంది. డేవిడ్ ఎల్టిస్ తదితర చరిత్రకారులు దశాబ్దాల పాటు రేవుల లెక్కలు, ఓడల పద్దులు ఏరికూర్చి 1999లో సీడీగా తెచ్చారు, 2008లో అందరికీ ఆన్‌లైన్‌లో పెట్టారు. సుమారు ముప్ఫయ్యారు వేల ప్రయాణాలు. ఒక్కో ప్రయాణానికి ఒక్కో వరస. ఓడ పేరు, కెప్టెన్ పేరు, యజమాని పేరు, బయల్దేరిన రేవు, చేరిన రేవు, ఎక్కించిన మనుషులెందరు, దించిన మనుషులెందరు.

నేను వృత్తిధర్మం కొద్దీ మొత్తం ఫైలు దింపుకుని, ఆ 'ఎక్కించిన' గడిని కూడేశాను. పుస్తకాలన్నీ చెప్పే కోటీ పాతిక లక్షలు రాలేదు. తక్కువొచ్చింది. "చూశావా, వీళ్ళ లెక్క తప్పు" అని మా అమ్మాయికి గొప్పగా చెప్పాను. అది నాకంటే నెమ్మదస్తురాలు. వివరణ పేజీ చదివి, "నాన్నా, దొరికిన ప్రయాణాలు ఐదింట నాలుగు వంతులేట. మిగతాది అంచనా వేసి వేరే పేజీలో చూపిస్తున్నారు. కొన్ని గళ్ళలో అంకెలు కూడా పత్రాల్లో ఉన్నవి కావు, పక్క ఓడల్ని బట్టి లెక్కకట్టినవి" అంది. ఏది రాసి ఉన్నదో, ఏది ఊహించినదో వాళ్ళు వేరు వేరు గళ్ళలో పెట్టారు. నేనే చూసుకోలేదు. పాతికేళ్ళ అనుభవం! అంచనా ప్రకారం ఎక్కించింది కోటీ పాతిక లక్షల మందిని, అవతలి ఒడ్డున దింపింది కోటీ ఏడు లక్షల మందిని. మధ్యలో పద్ధెనిమిది లక్షలు. తీసివేత నాక్కూడా వచ్చు, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆ ముప్ఫయ్యారు వేలలో ఒక ఓడ పేరు జాంగ్. డచ్చివాళ్ళ దగ్గరున్నప్పుడు దాని పేరు జోర్గ్. ఆ మాటకి 'బాగా చూసుకోవడం' అని అర్థం. 1781లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నాక అక్షరం మారి జాంగ్ అయింది. 442 మందితో ఆఫ్రికా తీరం వదిలిన ఆ ఓడ డిసెంబరులో జమైకా చేరేసరికి 208 మంది మిగిలారు. దారి తప్పామని, నీళ్ళు సరిపోవని చెప్పి నావికులు నూట ముప్ఫై మందికి పైగా బతికున్నవాళ్ళని సముద్రంలోకి తోసేశారు. మధ్యలో వానకూడా పడింది. యజమానులైన లివర్‌పూల్ వర్తకులు తలకి ముప్ఫై పౌన్లు ఇమ్మని బీమా కంపెనీ మీద దావా వేశారు. మొదట జ్యూరీ వాళ్ళకే అనుకూలంగా తీర్పిచ్చింది. 1783లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ముందు పునర్విచారణ కోసం వాదనలు జరిగాయి, ఆయన సరేనన్నాడు. ఇదంతా సరుకు నష్టం కేసే. హత్య కేసు పెట్టించాలని గ్రాన్‌విల్ షార్ప్ ప్రయత్నించాడు, ఫలించలేదు. ఆ షార్ప్ ఇంటికి 1783 మార్చి 19న వెళ్ళి ఈ సంగతి చెప్పిందెవరో తెలుసా? ఎక్వియానో. మా అమ్మాయి తన రెండు పత్రాలూ కలుసుకున్న చోటు దొరికిందని కుర్చీలోంచి లేచి గంతేసింది.

కెప్టెన్ పేరు మనకు తెలుసు, ల్యూక్ కాలింగ్‌వుడ్. యజమాని పేరు తెలుసు, విలియం గ్రెగ్సన్. నీళ్ళలో పోయిన మనుషుల పేర్ల కోసం నేను గడులన్నీ వెతికాను. అలాంటి గడి ఆ పట్టికలో లేనే లేదు. ఖాళీగా ఉండడం వేరు, గడే లేకపోవడం వేరు. నా వృత్తిలోవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. నిషేధం తర్వాత నౌకాదళాలు పట్టుకున్న ఓడల్లోంచి విడిపించిన తొంభై వేల పైచిలుకు మంది పేర్లు మాత్రం వేరే పట్టికలో ఉన్నాయి. ఫ్రీటౌన్‌లో, హవానాలో కోర్టు గుమాస్తాలు దుబాసీలని పెట్టుకుని, చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నవి.

ఇక్కడిదాకా బాగానే నడిచింది. పేపరు ఇవ్వడానికి వారం ఉందనగా నేను ఊరుకోలేక ఇంకా తవ్వాను. విన్సెంట్ కరెట్టా అనే ఆచార్యుడు 1999లో బయటపెట్టిన రెండు కాగితాల సంగతి కనబడింది. ఒకటి 1759 నాటి బాప్తిస్మపు నమోదు, వెస్ట్‌మినిస్టర్‌లోని సెయింట్ మార్గరెట్ చర్చిది. ఎక్వియానో పుట్టింది కరోలైనాలో అని అందులో రాసి ఉంది. రెండోది 1773లో ఉత్తర ధ్రువం వైపు వెళ్ళిన రేస్‌హార్స్ అనే ఓడ హాజరుపట్టీ. (దాని జోడు ఓడలో కుర్ర నెల్సన్ ఉన్నాడు. అదే నెల్సన్.) అందులోనూ పుట్టింది దక్షిణ కరోలైనా అనే ఉంది. అదే నిజమైతే అతను ఆ ఓడ కింది అరలో ఎప్పుడూ లేడు. మేము స్టవ్ కట్టేసి విన్నదంతా ఇతరుల దగ్గర విని రాసినదన్నమాట.

చెప్పగానే మా అమ్మాయి మొహం వాడిపోయింది. "అయితే అబద్ధం చెప్పాడా? ఇప్పుడు నా పేపరంతా పోయినట్టేనా?" అంది. నేను ఇంజనీర్ని కదా, రెండు కాగితాలు ఒకే మాట చెబుతున్నాయి, మనిషి ఒక్కడే వేరే చెబుతున్నాడు, కాగితమే నెగ్గుతుంది అన్నాను. పాల్ లవ్‌జాయ్ లాంటి చరిత్రకారులు అతను ఆఫ్రికాలోనే పుట్టాడని గట్టిగా వాదిస్తున్నారని తనే వెతికి చూపించింది. ఆ బాప్తిస్మం నాడు గుమాస్తాకి వివరాలు ఎవరు చెప్పారు? పన్నెండేళ్ళ పిల్లాడా, పక్కన నిలబడ్డ పెద్దవాళ్ళా? ఓడలో నావికుడి పనికి చేరేటప్పుడు నేను ఫలానా చోట పుట్టానని చెప్పుకోవడం వల్ల అతనికేమైనా ఉపయోగం ఉందా? నా దగ్గర జవాబు లేదు. అయినా కాగితం కాగితమే అని మొండికేశాను.

అప్పుడది ఒక మాటంది. "నాన్నా, నీ బర్త్‌డే ఎప్పుడు?"

మా ఇంట్లో అందరికీ తెలిసిన హాస్యం ఇది. నా పాస్‌పోర్టు ప్రకారం నేను 1977 జూన్ 1న పుట్టాను. గ్రీన్‌కార్డు, లైసెన్సు, బీమా, అన్నీ అదే చెబుతాయి. కాగితాలన్నీ ఇంత ఏకగ్రీవంగా ఉండడానికి కారణం వాటన్నిటికీ తల్లి ఒక్కటే, నా ఎస్సెస్సీ సర్టిఫికెట్. దానికి తల్లి, రేపల్లె దగ్గర మా ఊరి బడిలో హెడ్మాస్టారి రిజిస్టరు. బళ్ళో చేర్చుకోవాలంటే జూన్ నాటికి ఐదు నిండాలి, నాకు నిండలేదు. మాస్టారు నన్ను తేరిపార చూసి ఐదు నెలల పైచిలుకు పెద్దవాణ్ణి చేశారు. మా నాన్న పక్కనే నిలబడి తలూపాడు. ఈ దేశంలో నా మీద పరిశోధన చేసేవాడెవడైనా ఉంటే, జూన్ 1 అని అరడజను మూలపత్రాలతో రుజువు చేస్తాడు.

ఇక నేను నోరెత్తలేదు. పేపరు దాని ఇష్టం వచ్చినట్టే రాసుకుంది. ఎక్వియానో ఎక్కడ పుట్టాడో తేలలేదని రెండు పేరాల్లో చెప్పి, ఎవరి కాగితం ఎవరు రాశారన్న ప్రశ్న మీద మిగతాది నడిపింది.

పేపరు అయిపోయింది, నా పిచ్చి మాత్రం వదల్లేదు. బ్రిటిషువాళ్ళు 1834లో తమ వలసల్లో బానిసత్వం రద్దు చేశాక చెరకు తోటలకి కూలీలు కావలసివచ్చారు. ఆ ఓడలు మన రేవులకొచ్చాయి. బర్మాలో, మారిషస్‌లో తెలుగువాళ్ళకి కోరంగీలన్న పేరు మా కాకినాడ పక్క కోరంగి రేవు నుంచి వచ్చిందే. నేను నాలుగేళ్ళు ఆ దారిన తిరిగి, మడ అడవులు తప్ప ఏమీ చూడలేదు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా అలా వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. ఐదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడు నెలకి పది షిల్లింగుల జీతం. ఆ ఓడల జాబితాలని అక్కడి పరిశోధకులు కంప్యూటర్లోకి ఎక్కించారు.

ఇందులో పేర్ల గడి ఉంది. అంతేకాదు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. చివర్లో ఒంటి మీద గుర్తులు. అది చూసి కాసేపు ఆగిపోయాను. నా ఎస్సెస్సీ సర్టిఫికెట్లోనూ పుట్టుమచ్చలకి ఒక గడి ఉంది. ఆ జాబితా రాసిందీ గుమాస్తాలే. తెలుగు ఊరిపేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో వాళ్ళ చెవికి అందినంత మేరకు రాశారు. పైకి చదివితే కొన్ని తగుల్తాయి, కొన్ని తగలవు. ఆ వయసులూ కులాలూ చెప్పినవా, చెప్పించినవా? బానిస ఓడలకీ వీటికీ తేడా లేదనేవాళ్ళున్నారు. నేను అలా అనను. పేరు రాయించుకుని వెళ్ళిన మనిషిని వాళ్ళ మునిమనవలు ఈ పట్టికలో వెతికి పట్టుకోగలుగుతున్నారు. జాంగ్ వాళ్ళకి ఆ వీలు లేదు.

మొన్న ఆదివారం అమ్మకి ఫోన్ చేసి, నేను సరిగ్గా ఏ రోజున పుట్టానని అడిగాను. మా అమ్మాయి పక్కనే కూర్చుని పెన్ను పట్టుకుంది.

"దివిసీమ ఉప్పెన వచ్చిన రోజుకి నువ్వు పది రోజుల గుడ్డువిరా" అంది అమ్మ.

ఉప్పెన 1977 నవంబరు 19. అందులో సందేహం లేదు. మా అమ్మాయి గబగబా లెక్కేసి, "అయితే నవంబరు 9, నానమ్మా?" అంది.

"పదో, పదకొండో. ఆ గాలివానలో లెక్కపెట్టుకుంటూ ఎవరు కూర్చున్నారే? నిన్ను... అదే మీ నాన్నని, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాం."

ఆ అటక సంగతి నాకు నలభై ఎనిమిదేళ్ళొచ్చాక తెలిసింది. మా అమ్మాయి తన కాగితం మీద 8 అని రాసి, 9 అని రాసి, రెండూ కొట్టెయ్యకుండా వదిలేసింది.