కారు బేరం, రూపాయిన్నర వడ్డీ

మా డెల్టా ఊళ్లలో బేరమాడటం చేతకాని మనిషి అరుదు. తెనాలి నిమ్మకాయల మార్కెట్లో బస్తా దగ్గర బేరం, బట్టల కొట్లో చీర దగ్గర బేరం. పశువుల సంతలో దళారి తువ్వాలు కప్పి, అవతలివాడి వేళ్లు పట్టుకుని, నోరు మెదపకుండానే ధర తేల్చేసేవాడు. ఇలాంటి చోట కారు ఒక్కదాన్ని మాత్రం చాలాకాలం బేరం లేకుండా కొన్నారు. తర్వాత బేరమైతే వచ్చింది గానీ, రావలసిన చోటికి రాలేదు. ధర దగ్గర పూటంతా కూర్చునే మనిషి, అప్పు కాగితం దగ్గరికొచ్చేసరికి చూపించిన చోటల్లా సంతకం పెట్టి లేచిపోతాడు. నేను తెనాలిలో పుట్టాను, బాపట్లలోనూ రేపల్లెలోనూ బ్యాంకు అప్పుల సెక్షన్లో పనిచేశాను. ఆ సంతకాలు ఎన్నో నా బల్ల మీదే పడ్డాయి. అందుకే ఈ సంగతి రాయాలనిపించింది.

నాన్న తెనాలిలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. ఆయన చిట్టా రాసిన రోజుల్లో కారంటే మూడే రకాలు. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసే అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ వాళ్ల ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ వాళ్ల హెరాల్డ్. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాల మీద కేంద్రం నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. డీలరు దగ్గర పేరు రాయించుకుని వరసలో ఉండాలి. వచ్చిన కారును రెండేళ్ల లోపు అనుమతి లేకుండా ఇంకొకరికి అమ్మకూడదు. స్కూటరుకూ ఇదే తంతు. పోస్టాఫీసు సేవింగ్సు ఖాతాలో 250 రూపాయలు వేసి, ఆ పాసుబుక్కు డీలరు పేర పూచీగా పెట్టి, ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. 1969 సెప్టెంబరులో ప్రభుత్వం ఈ మూడు కార్ల ధరనూ తానే నిర్ణయించింది. కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. ఒక్కో కారుకు ఇనుమెంత, కూలి ఎంత, లాభం ఎంత అని లెక్కలు తీసి, 1971 నవంబరులో కోర్టు తీర్పు చెప్పింది. వరి బస్తాకు మద్దతు ధర కట్టినట్టు కారుకు ధర కట్టిన కాలం అది.

ధర ఢిల్లీలో ఖరారైతే గుంటూరు డీలరు దగ్గర మాట్లాడటానికి ఏముంటుంది? అయినా బేరం చావలేదు, వరస మీదికి వెళ్లింది. ముందు పేరు రాయించుకున్నవాడు తన వంతు వచ్చాక బండి తీసుకుని, ధర మీద ఇంత అని కలిపి వేరేవాళ్లకు అప్పగించేవాడు. రెండేళ్లు గడిచేదాకా బండి కాగితాలు మొదటివాడి పేరునే ఉండేవి, తాళం చెవులు రెండోవాడి దగ్గర. నాన్న చెప్పేవారు: మిల్లుకు ఫియట్ వచ్చినప్పుడు కారు ధర చిట్టాలోకి ఎక్కింది, పైన ఇచ్చింది మాత్రం చిన్న చీటీ మీదే ఉండి, ఆ చీటీ యజమాని గారి జేబులోకి పోయిందట. ఆ పైమొత్తం మీద మాత్రం బ్రహ్మాండమైన బేరం నడిచిందట.

అప్పు సంగతి వేరు. అప్పట్లో కారుకు అప్పు పుట్టడం అరుదు, లారీకి పుట్టేది. మద్రాసులో 1954లో మొదలైన సుందరం ఫైనాన్స్ లాంటి సంస్థలు లారీలకు హైర్ పర్చేజ్ పద్ధతిలో డబ్బు పెట్టేవి. ఆ పద్ధతిలో చివరి కిస్తీ కట్టేదాకా బండి కంపెనీదే. మనం అద్దెకు నడుపుకుంటున్నట్టు లెక్క. కిస్తీ తప్పితే బండి లాక్కెళ్లే హక్కు వాళ్లకు అక్కడినుంచే వచ్చింది. 1972లో పార్లమెంటు హైర్ పర్చేజ్ చట్టం చేసింది. రొక్కం పెట్టి కొంటే ఎంత, వాయిదాల మీద కొంటే మొత్తం ఎంత అవుతుందన్నది ఒప్పందంలో విడివిడిగా రాసి తీరాలని అందులో ఉంది. ఆ చట్టాన్ని ఏనాడూ అమల్లోకి తేలేదు. 2005లో రద్దు చేసేశారు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన కనపడి ఉంటే మా జిల్లాలో ఎన్ని కొంపలు నిలబడేవో అని ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

మారుతి వచ్చాక కూడా వరస పోలేదు. 1983 వేసవిలో 10,000 రూపాయల డ్రాఫ్టుతో బుకింగులు తీసుకుంటే, దేశమంతటా 1.35 లక్షల మంది కట్టారు. ఆ డిసెంబరు 14న ఇందిరాగాంధీ ఢిల్లీలో మొదటి బండి తాళాలు ఇచ్చారు. ధర 50 వేలకు అటూ ఇటూ. బుకింగు కాగితానికే పైధర పలికిన రోజులవి. విదేశీ మారకంలో కడితే ముందుగా ఇచ్చే ఏర్పాటు కూడా ఉండేది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన డాక్టర్లున్న కుటుంబాలకు ఆ డాలర్లు బాగా అక్కరకొచ్చాయి.

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు నిబంధన ఎత్తేశారు. 1998లో శాంత్రో, ఇండికా వచ్చాయి. అప్పుడు మొదటిసారి డీలరు ముంగిట్లో బండ్లు నిలబడి కొనేవాళ్ల కోసం ఎదురుచూశాయి. తెనాలి వాళ్లు గుంటూరులో ఒక ధర అడిగి, బెజవాడలో ఇంకో ధర అడిగి, ఒకరి కాగితం ఇంకొకరికి చూపించడం నేర్చారు. సీటు కవర్లు, మ్యాట్లు, మొదటి ఏడాది ఇన్సూరెన్సు ఉచితంగా ఇవ్వాలని పట్టుబట్టారు. మా వాళ్లకు ఆషాఢంలో కొత్త బండి పనికిరాదు, మూఢంలో అసలే కూడదు. శ్రావణం వచ్చాక కొని, వైకుంఠపురం గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. డీలర్లు అది పసిగట్టి ఆషాఢంలో తగ్గింపులు పెట్టారు. ఆషాఢంలో ధర ఖాయం చేసుకుని, అడ్వాన్సు కట్టి, శ్రావణంలో బండి తెచ్చుకున్న మాస్టార్లను బాపట్లలో చూశాను. ఆచారాన్నీ డబ్బునూ రెంటినీ కాపాడుకున్న వాళ్ల తెలివికి నాకు గౌరవం.

ధరలో పది, పదిహేను వేలు తగ్గించుకున్న ఆనందం ఎక్కడ ఆవిరయ్యేదో చెబుతాను. రేపల్లె బ్రాంచిలో ఉన్నప్పుడు నిజాంపట్నం వైపు నుంచి ఒక రొయ్యల చెరువుల రైతు వచ్చాడు. చేతిలో ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన కొటేషన్.

“అమ్మగారూ, మీ బ్యాంకులో పదమూడున్నర శాతమంటన్నారు. వాళ్లు పది శాతానికే ఇస్తామంటన్నారండీ. మీకన్నా వాళ్లే నయం గదా?”

ఆ కాగితం మీద పది పక్కన చిన్న అక్షరాలతో ‘ఫ్లాట్’ అని ఉంది. లక్ష రూపాయల అప్పుకు, మూడేళ్లకు, ఏటా 10 వేల చొప్పున 30 వేలు వడ్డీ. మొత్తం 1,30,000ను 36 కిస్తీలు చేస్తే నెలకు 3,611. నేను మా బ్యాంకు కిస్తీ వేసి పక్కన పెట్టాను. పదమూడున్నర శాతం మీద, తరిగే అసలుకు మాత్రమే వడ్డీ వేస్తే, నెలకు 3,394. ఆయన రెండు అంకెలూ వేలితో తడిమి చూశాడు. పది శాతానికి ఎక్కువ కిస్తీ, పదమూడున్నరకు తక్కువ కిస్తీ ఎట్లా వస్తుందన్నది ఆయనకు అంతుబట్టలేదు.

అప్పుడు నోటు లెక్కలోకి దిగాను. మా ప్రాంతంలో ప్రామిసరీ నోటు తెలియని రైతు లేడు. వడ్డీ చెప్పేది నూటికి నెలకు ఇంత అని: రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదు కాబట్టి ఆ లోపు నోటు తిరగరాసుకుంటారు. ఆ మూడేళ్లూ అసలు మొత్తం రైతు దగ్గరే ఉంటుంది, పంటకు పంటకు వడ్డీ కడతాడు. లక్షకు ఏడాదికి 10 వేలంటే నూటికి 83 పైసలు. నోటు మీద అయితే అది నిజంగా 83 పైసలే. ఈ ఫ్లాట్ వాళ్లు మాత్రం మొదటి నెలనుంచే అసలు వెనక్కి లాక్కుంటున్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి దాదాపు సగం అసలు తీరిపోతుంది. మూడేళ్ల మీద సగటు చూస్తే రైతు చేతిలో ఉండేది లక్షలో సగం పైచిలుకు. వడ్డీ మాత్రం చివరి నెలదాకా పూర్తి లక్షకు కడుతున్నాడు. సరిగ్గా లెక్క కడితే ఏటా దాదాపు 18 శాతం.

ఆయన కాసేపు ఆగి అన్నాడు: “అంటే నూటికి రూపాయిన్నర పడుద్దన్నమాట.”

అంతే. పద్దెనిమిది శాతమన్న మాటతో తేలనిది రూపాయిన్నర అనగానే తేలిపోయింది. ఊళ్లో రూపాయిన్నర అడిగితే, “ఏవండీ, మరీ అంతైతే ఎట్లా?” అని గంటసేపు వాదించే మనిషే ఏసీ గదిలో అదే రూపాయిన్నరకు చిరునవ్వుతో సంతకం పెట్టబోయాడు. రెండు అప్పులకూ తేడా నెలకు 217 రూపాయలు, మూడేళ్లకు లక్షకు 7,800 పైన. ఆయన అడుగుతున్నది మూడు లక్షలు. సీటు కవర్లకు పోట్లాడి సంపాదించింది అందులో ఏ మూలకు? దీనికి తోడు మొదటి రెండు మూడు కిస్తీలు ముందే పట్టుకోవడం, 36 చెక్కుల మీద ఒకేసారి సంతకాలు తీసుకోవడం. ముందే పట్టుకున్న కిస్తీలు కలిపితే ఆ రూపాయిన్నర ఇంకా పైకి పోతుంది. చెక్కు తిరిగొస్తే 1989 నుంచి క్రిమినల్ కేసు. షోరూములో అప్పు ఇప్పించే కుర్రాడికి ఫైనాన్స్ కంపెనీ కమీషన్ ఇస్తుందని కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. పాత వడ్డీ వ్యాపారిని నేను వెనకేసుకు రాను, వాళ్ల చేతుల్లో పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. కానీ నోటు మీద వడ్డీ ఎంతన్నది ఎంత చదువురాని వాడికైనా అర్థమయ్యేది.

మూడు ఊళ్లలోనూ డబ్బు సమకూర్చుకునే తీరు ఒకటి కాదు. బాపట్ల జీతగాళ్ల ఊరు. వ్యవసాయ కళాశాల 1945 నుంచి అక్కడుంది. ప్రభుత్వోద్యోగులకు మోటారు కారు అడ్వాన్సు అనే సదుపాయం ఉండేది. అందులో అసలంతా ముందు వాయిదాల్లో కోసి, వడ్డీని ఆ తర్వాత వసూలు చేసేవారు. కారు కొనేవాడికి ఇంతకన్నా మేలైన పద్ధతి నేను చూడలేదు. మంజూరుకు మాత్రం బడ్జెట్ రావాలి, ఆ లోపు కారు ధర పెరిగేది.

తెనాలి చీటీల ఊరు. వ్యాపారులు అప్పు చేసేకన్నా చీటీ పాడుకోవడానికే మొగ్గు చూపేవారు. చీటీపాట కూడా బేరమే. తొందరున్నవాడు ఎక్కువ తగ్గించుకుని పాడతాడు, ఆ తగ్గింపు మిగతా సభ్యులకు పంపకమవుతుంది. నిర్వాహకుడి కమీషన్ 1982 కేంద్ర చట్టం ప్రకారం 5 శాతం, 2019 సవరణతో 7 శాతం అయింది. శ్రావణానికి కారు కావాలంటే వైశాఖంలోనే పాడుకోవాలని మా పిన్ని అనేది. శ్రావణం దగ్గరపడ్డాక అందరికీ అవసరమే, పాట తెగ పెరుగుతుంది.

రేపల్లెది చెరువుల లెక్క. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక డబ్బు తిరగడం పెరిగింది. పట్టుబడి జరిగిన వారంలో చేతినిండా డబ్బు, తర్వాత నెలల తరబడి మేతకూ కరెంటుకూ ఖర్చే. అలాంటి మనిషికి నెలనెలా కిస్తీ పెట్టడమే తప్పు. ట్రాక్టరుకు పంటల వారీ కిస్తీ పెట్టిన బ్యాంకే కారుకు మాత్రం నెల కిస్తీయే అంటుంది. చెరువు రైతు వడ్డీలో పావలా తగ్గించమని అడిగేకన్నా, పట్టుబడి రోజున పెద్ద మొత్తం కడితే అదనపు రుసుము వేయకుండా ఒప్పుకోమని అడగాలి. చాలా కారు అప్పులు స్థిర వడ్డీవి, ముందుగా తీర్చేస్తే రుసుము వేసేవారు. ఆ రుసుము ఎంతన్నది బండి బుక్ చేయకముందు మాట్లాడుకునే సంగతి. పూర్తిగా రొక్కమిచ్చి కొనే అలవాటు కూడా అక్కడ ఉండేది. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదన్న నిబంధన వచ్చాక అది ఆగింది.

ఇప్పుడు షోరూమే తెనాలికి వచ్చింది. మా చెల్లెలి కొడుకు 2025 దసరాకు చిన్న కారు కొన్నప్పుడు నన్ను వెంట తీసుకెళ్లాడు. సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, సెస్సు పోయింది. పన్నుకు ముందు 5 లక్షలున్న చిన్న పెట్రోలు బండికి అదే 55 వేల తగ్గుదల. సేల్స్ కుర్రాడు దాన్ని తమ డిస్కౌంటు వరసలో చేర్చి చెప్పాడు. “అది ప్రభుత్వం తగ్గించింది బాబూ, నువ్వు ఇచ్చేది చెప్పు” అన్నాను. లైఫ్ ట్యాక్స్ మీద బేరం లేదు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. బండికి జరిగే నష్టానికి చేసే ఇన్సూరెన్సు మాత్రం మనకు నచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు. బయట ధర కనుక్కుని చూపిస్తే వాళ్ల అంకె దిగింది. హ్యాండ్లింగ్ చార్జీలని రాసిన గీత కొట్టేయించాం.

ఆ తర్వాత అప్పు బల్ల దగ్గరికి వెళ్లాం. 2024 అక్టోబరు 1 నుంచి అమలయ్యేలా రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. అప్పు ఇచ్చే ముందు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, మిగతా చార్జీలు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో ఒకే అంకెలో అందులో చూపించాలి. దాన్ని పన్నెండుతో భాగిస్తే మన ఊరి లెక్క వచ్చేస్తుంది. 1972 చట్టం ఇవ్వాల్సిన దాన్ని యాభై ఏళ్లు దాటాక ఈ పత్రం ఇచ్చింది. అప్పు తీసుకునేవాడికి తెలిసిన భాషలోనే అది ఉండాలనీ, అందులో ఏముందో చెప్పి, అర్థమైందని రాయించుకోవాలనీ నిబంధన. మావాడికి ఇంగ్లీషు వచ్చు, కానీ అప్పుకు హామీ సంతకం పెట్టాల్సిన వాళ్ల నాన్నకు రాదు. తెలుగులో ఇమ్మని అడిగితే, ఇప్పుడు ఇంగ్లీషుదే ఉంది, ముందు సంతకాలు కానివ్వండి అన్నారు. మేం లేచి ఇంటికి వచ్చేశాం. మర్నాడు తెలుగు పత్రం ఫోనుకు వచ్చింది. మా మరిది కళ్లజోడు పెట్టుకుని వరసగా చదివి, అందులో ఒక చార్జీ ఎందుకని అడిగి తీసేయించి, ఆ తర్వాతే సంతకం చేశాడు.