తిరగేసి పట్టిన చేతులు

గోల్ఫ్ కర్ర ఎలా పట్టుకోవాలని ఏ శిక్షకుణ్ని అడిగినా కుడిచేతివాటం వారికి ఒకటే చెబుతారు: ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. సెవ్‌శంకర్ సెవ్‌గోలం పట్టు దీనికి పూర్తిగా తలకిందులు. కుడి చెయ్యే పైన! దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో బీచ్‌వుడ్ కోర్సులో తెల్లవారి బ్యాగులు మోసే క్యాడీగా ఉంటూ, చూసి చూసి ఆట నేర్చుకున్న మనిషి ఆయన. చదవడం, రాయడం రాదు. అందరికీ ఆయన పాప్వా.

ఆయనది భారత సంతతి. డర్బన్ ఉన్న నేటల్ ప్రాంతపు చెరుకు తోటలకు తొలి ఒప్పంద కూలీలను 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ చేరవేసింది. ఆ తర్వాతి ఏళ్లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగు కుటుంబాలూ అదే సముద్రం దాటాయి. వారి మనవలు, మునిమనవలు పెరిగిన డర్బన్‌లోనే పాప్వా పెరిగారు. భారతీయులు ఎక్కడ కాపురం ఉండాలో, ఎక్కడ ఆడుకోవాలో అక్కడ చట్టమే తేల్చేది.

ఆయన చేత బ్యాగు మోయించుకున్నవారిలో గ్రేమ్ వుల్ఫ్ ఒకరు. ‘ఆయిల్ ఆఫ్ ఒలే’ క్రీము సృష్టికర్త. పాప్వా ఆటలోని సత్తా గుర్తించి 1959లో యూరప్ తీసుకెళ్లింది ఆయనే. ఆ ఏడే పాప్వా డచ్ ఓపెన్ గెలిచారు. 1960లో మళ్లీ గెలిచారు, 1964లో మూడోసారి.

సొంత ఊళ్లో జరిగింది వేరు. 1963లో డర్బన్ కంట్రీ క్లబ్‌లో తెల్లజాతి ఆటగాళ్లను ఓడించి నేటల్ ఓపెన్ కైవసం చేసుకున్నారు. క్లబ్ భవనంలోకి మాత్రం ఆయనకు ప్రవేశం లేదు. వానలో, బయటే నిలబెట్టి ట్రోఫీ చేతికిచ్చారు. ఆ ఫొటో దేశదేశాల పత్రికలకెక్కి, దక్షిణాఫ్రికాను క్రీడల నుంచి వెలివేయాలన్న ఉద్యమానికి ఊపిచ్చింది.

అయితే ఆ ఫొటో ఆయనకు ఒక అన్యాయం కూడా చేసింది. పాప్వా అంటే వానలో తడిసిన మనిషేనన్న జాలి మిగిలింది. ఆట వెనక్కి పోయింది. ఆ ట్రోఫీ ఎవరి దయా కాదు. రెండేళ్లు తిరిగేసరికి, 1965లో, అదే నేటల్ ఓపెన్‌ను మళ్లీ గెలిచారు. ఈసారి ఓడినవారిలో గ్యారీ ప్లేయర్ ఉన్నారు. అప్పటికే బ్రిటిష్ ఓపెన్, మాస్టర్స్, పీజీఏ గెలిచిన ప్లేయర్! ఆ ఏడాదే అమెరికా ఓపెన్ కూడా గెలిచి నాలుగు మేజర్లూ పూర్తిచేసిన దిట్ట.

దాంతో ప్రభుత్వం పాప్వా దారి మూసేసింది. తెల్లవారి టోర్నమెంట్లలో ఆడనివ్వలేదు. పాస్‌పోర్టు లాక్కోవడంతో విదేశాల్లో ఆడే వీలూ పోయింది. మంచి ఫామ్‌లో ఉన్న ఆటగాడికి ఆ ఆటే బతుకుతెరువు. దాన్ని కోర్సు మీద ఎవరూ లాక్కోలేకపోయారు, కాగితం మీద లాక్కున్నారు. 1978లో పేదరికంలోనే గుండెపోటుతో కన్నుమూశారు.

డర్బన్‌లోని రిజర్వాయర్ హిల్స్‌లో ఇప్పుడు ఆయన పేరుతో గోల్ఫ్ కోర్సు ఉంది. ఎవరు ఎక్కడ ఉండాలో జాతిని బట్టి గీతలు గీసిన గ్రూప్ ఏరియాస్ చట్టం 1991లో రద్దయింది, పాప్వా పోయిన 13 ఏళ్లకు.