స్ముర్న లేఖ — నిత్యరాజ్యము



మన గ్రామముల పాత దేవాలయములలో గోడల మీఁదను, స్తంభముల మీఁదను చెక్కిన శాసనములను మీరు చూచియే యుందురు. వానిలో దాత పేరును, దానమిచ్చిన భూమి యెల్లలును ఉండును. తఱచుగా వానితోపాటు శకవర్షమును, అప్పుడు రాజ్యము చేయుచున్న రాజు పేరును ఉండును. కాలమును చెప్పుటకు రాజు పేరు కావలసి యుండెను. రోమా సామ్రాజ్యమునందును ఇట్టి వాడుకయే కలదు. అచ్చట సంవత్సరమును ఆ యేఁటి అధికారుల పేర్లతోఁ జెప్పెడివారు. ఆ వాడుకను పాటించుచునే, కడపటి మాటతో దానిని మించిపోయిన లేఖ యొకటి క్రైస్తవుల ప్రాచీన వాఙ్మయమునఁ గలదు. దాని కథను నేఁడు మీకు విన్నవించెదను.

ఇప్పటి తుర్కీ దేశమున ఇజ్మీరు అను రేవుపట్టణము కలదు. దాని ప్రాచీన నామము స్ముర్న. ప్రకటన గ్రంథమునఁ జెప్పఁబడిన యేడు సంఘములలో ఇచ్చటి సంఘ మొకటి. రాజభక్తికి ఈ పట్టణము పేరు పొందినది. క్రీ. శ. 26వ సంవత్సరమున తిబెరి కైసరునకు ఆలయము కట్టు గౌరవమునకై పదునొకండు పట్టణములు పోటీపడఁగా, రోమాలోని పెద్దల సభ దానిని స్ముర్నకే యిచ్చెను. బ్రతికియున్న చక్రవర్తికి గుడి కట్టుట ఆ కాలమున వింత కాదు. పెక్కు దేవతలను గొలుచు జనులకు మఱియొక మూర్తి యెదుట సాంబ్రాణి వేయుట కష్టమనిపించలేదు.

క్రైస్తవులకు మాత్రము అది ప్రాణసంకటమయ్యెను. 112వ సంవత్సర ప్రాంతమున బితూనియను పాలించిన ప్లీనీ యనువాఁడు తాను చేసిన పరీక్షను త్రాజాను చక్రవర్తికి వ్రాసి తెలిపెను. క్రైస్తవుఁడని నేరము మోపఁబడినవాఁడు దేవతలను ప్రార్థించి, చక్రవర్తి ప్రతిమకు సాంబ్రాణియు ద్రాక్షారసమును అర్పించి, క్రీస్తును దూషించినచో విడుదల పొందును. నిజమైన క్రైస్తవులచేత ఈ పనులు చేయించుట సాధ్యము కాదని తాను వినినట్లును అతఁడే వ్రాసెను.

స్ముర్న సంఘమునకు పోలికార్పు అను వృద్ధుఁడు బిషప్పుగా నుండెను. అపొస్తలుఁడైన యోహానుతోడి పరిచయమును గూర్చి ఆయన చెప్పుచుండఁగా తాను బాల్యమున వింటినని ఐరేనియసు వ్రాసియున్నాఁడు. 155వ సంవత్సర ప్రాంతమున పట్టణమున అలజడి పుట్టి, జనులు ఈ వృద్ధుని పట్టి తెమ్మని కేకలు వేసిరి. స్నేహితుల మాట విని ఆయన పల్లెపట్టున దాఁగెను. తుదకు భటులు వచ్చి పట్టుకొనిరి. ఆయన వారికి అన్నపానము లిప్పించి, ప్రార్థనకు ఒక గంట సెలవడిగి, రెండు గంటలు ప్రార్థించెను.

పట్టణ రక్షణాధికారియైన హేరోదును, అతని తండ్రియు ఆయనను తమ బండి నెక్కించుకొని మంచిమాటలతోనే బోధించిరి. కైసరును ప్రభువని పలికి బలి యర్పించి ప్రాణము దక్కించుకొనిన నష్టమేమని వారి వాదము. లోకజ్ఞులకు ఇది యుక్తముగానే తోఁచును. ఆయన సమ్మతింపకపోఁగా వారు బండినుండి త్రోసివేసిరి. మోకాలి క్రింద గాయమయ్యెను. దానిని లెక్కచేయక ఆయన క్రీడాస్థలమునకు నడిచిపోయెను. అచ్చట మండలాధిపతి, వయసును తలఁచుకొని క్రీస్తును దూషింపుమనెను. ఎనుబదియాఱేండ్లు తాను కొలిచిన క్రీస్తు తనకు ఏ కీడును చేయలేదనియు, తన్ను రక్షించిన రాజును ఎట్లు దూషింతుననియు వృద్ధుఁడు బదులు చెప్పెను. ‘రాజు’ అను ఆ మాటను గమనింపుఁడు.

ఆయన రాజద్రోహి కాఁడు. దేవుఁడు నియమించిన అధికారులకు తగిన గౌరవము చూపవలెనని తమకు బోధింపఁబడినదని ఆ యధిపతి యెదుటనే చెప్పెను. పన్నును, మన్ననను, న్యాయమైన యాజ్ఞకు విధేయతను రాజు కోరవచ్చును, ఆరాధనను కోరరాదు. ఆ యెల్ల దాఁటలేకనే ఆయన అగ్నికి గుఱియై, కత్తిపోటున ప్రాణము విడిచెను.

ఈ వృత్తాంతమును స్ముర్న సంఘమువారు ఫిలొమేలియములోని సోదరులకు లేఖగా వ్రాసిరి. అందు మితిమీఱిన సాహసమును మెచ్చలేదు. ఫ్రుగియవాఁడగు క్వింతు తనంతట తానే మృత్యువున కెదురేఁగి, మృగములను చూచి భయపడి లోఁబడెననియు, అట్టి తొందరపాటు తమకు సమ్మతము కాదనియు స్పష్టముగా వ్రాసిరి. లేఖ చివర నెల, దినము, గడియ కలవు. పట్టుకొన్నవాఁడు హేరోదు, ప్రధానయాజకుఁడు ట్రల్లెసువాఁడగు ఫిలిప్పు, మండలాధిపతి స్టాటియసు క్వాడ్రాటసు. ఇంతవఱకు లోకవాడుకయే. పిమ్మట రాజ్యము చేయుచున్న చక్రవర్తి పేరు లేదు. ఆ చోట, ఎన్నటికిని ఏలువాఁడు యేసుక్రీస్తని యున్నది. ఈ భాగము తరువాత చేర్చఁబడినదని తలఁచు పండితులును కలరు. చేర్చినవారును ఆ విశ్వాసమువారే కదా.

నిత్యరాజ్యమను భావమునకు క్రైస్తవుని జీవితమున ఏమి యర్థమో ఆ తేదీ తెలుపుచున్నది. అధికారిని అది నిరాకరింపదు. పేరు పెట్టి చెప్పును, నిందింపదు. అయితే అతని యధికారము ఆ యేఁటికి సరిపోవు కొలత గలదని చూపును. కొలత గల యధికారమునకు కొలత లేని భక్తిని ఇయ్యఁగూడదు.

ఈ మాట తమవారికిని వర్తించును. 313లో సామ్రాజ్యమున క్రైస్తవులకు స్వేచ్ఛ లభించెను. 380లో వారి మతమే రాజమతమయ్యెను. క్రీస్తు రాజ్యమునకు అంతము లేదను విశ్వాసవాక్యము 381నాఁటి కాన్‌స్టాంటినోపిలు సభకు సంబంధించినదై నేఁటికిని ఆలయములలో పఠింపఁబడుచున్నది. కాని క్రైస్తవ రాజులలోఁ గొందఱు తమ రాజ్యమే దేవుని రాజ్యమని భ్రమించి, తమతో నేకీభవింపనివారిని హింసించిరి. స్ముర్నవారి తేదీ ఆ రాజులను కూడ క్వాడ్రాటసు ప్రక్కనే నిలుపును.

పశ్చిమ రోమా సామ్రాజ్యము 476లోను, తూర్పున మిగిలినది 1453లోను అంతరించెను. ఇజ్మీరు నడుమ నేఁడు పాత అంగడివీధి స్తంభములు శిథిలములై నిలిచియున్నవి. మండలాధిపతి పేరు మనబోఁటివారికి వినఁబడుటకు కారణము అతఁడు శిక్షించిన వృద్ధుని స్నేహితులే. వారు దానిని పగలేక, తేదీకొఱకు వ్రాసి యుంచిరి.